ఎంఎస్‌లో జీపీఏ 3.0 కిందికి పడిందా? రీటేక్, ప్రాజెక్టు, యూనివర్సిటీ మార్పు: ఎవరికి ఏది నయం

జనవరి మొదటి వారంలో ఒక తమ్ముడు అర్ధరాత్రి మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఫస్ట్ సెమ్ జీపీఏ 2.67 వచ్చింది. ప్రొబేషన్ అని మెయిల్ పంపారు. ఇంట్లో చెప్పలేదు. నాకింక ఉద్యోగం రాదా?" అని. చదువుతుంటే గుండె బరువెక్కింది, ఎందుకంటే నా మొదటి సెమిస్టర్ జీపీఏ 2.57, అతని కంటే తక్కువే. అప్పుడు నాకు వివరంగా చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఒకరు "రీటేక్ చెయ్" అన్నారు, ఇంకొకరు "జీపీఏ ఎవడూ చూడడు, లీట్‌కోడ్ (కోడింగ్ ప్రాక్టీస్ సైట్) చేసుకో" అన్నారు, మరొకరు "వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయిపో" అన్నారు. మూడూ మూడు దిక్కులు, మూడింటికీ డబ్బూ టైమూ కావాలి. అందుకే ఆ దారులన్నీ పక్కపక్కన పెట్టి రాస్తున్నాను. అమెరికాలో ఇంజినీరింగ్ ఎంఎస్ చేస్తున్న మనవాళ్ళ కోసమే ఇది, ఇండియాకి తిరిగి రావాలనుకునేవాళ్ళ సంగతి చివర్లో చెప్తాను.

ముందు 3.0 అనే గీత సంగతి

అమెరికాలో గ్రాడ్యుయేట్ స్కూళ్ళలో మామూలుగా ఉండే రూలు ఏంటంటే, నాలుగుకి 3.0 కంటే తగ్గకూడదు, అంటే అన్ని కోర్సుల్లో సగటున బీ రావాలి. తగ్గితే ప్రొబేషన్‌లో పెడతారు, ఒకటో రెండో సెమిస్టర్లు గడువిస్తారు, ఆలోపు ఎక్కకపోతే ప్రోగ్రామ్ నుంచి తీసేస్తారు. డిగ్రీ చేతికి రావాలన్నా అదే 3.0 అడుగుతారు. ఇక్కడే మన విషయం మామూలు అమెరికన్ స్టూడెంట్ విషయం కంటే వేరుగా ఉంటుంది. వాళ్ళకి డిగ్రీ ఆరు నెలలు ఆలస్యమైతే ఆరు నెలలు ఆలస్యమైనట్టే. మనకి డిగ్రీ పూర్తి కాకపోతే ఆ తర్వాత వచ్చే 12 నెలల ఓపీటీ (చదువు అయ్యాక అమెరికాలో పని చేసుకునే అనుమతి) లేదు, దాని మీద వచ్చే 24 నెలల స్టెమ్ ఓపీటీ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటి డిగ్రీలకి ఇచ్చే పొడిగింపు) లేదు, హెచ్‌1బీ వర్క్ వీసాలో అమెరికా మాస్టర్స్ ఉన్నవాళ్ళకి విడిగా ఉంచే 20,000 కోటాలో చోటు లేదు.

అదే సమయంలో ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. ఓపీటీ అప్లికేషన్‌లో జీపీఏ అడగరు. హెచ్‌1బీ పిటిషన్‌లో కూడా డిగ్రీ ఉందా, ఆ డిగ్రీకీ ఉద్యోగానికీ సంబంధం ఉందా అని చూస్తారు, 3.1 వచ్చిందా 3.8 వచ్చిందా అని కాదు. కాబట్టి నా లెక్కలో 2.9కీ 3.0కీ మధ్య ఉన్న దూరం, 3.0కీ 3.5కీ మధ్య ఉన్న దూరం కంటే చాలా పెద్దది. గీత కింద ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు గీత దాటాలి, దాటాక మాత్రం జీపీఏ వెంట పరిగెత్తడం ఆపి చేతిలో చూపించుకోవడానికి పని తయారు చేసుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. 2.8 ఉన్నప్పుడు ఇంటర్న్‌షిప్ కోసం రోజుకి యాభై అప్లికేషన్లు పెడుతుంటారు, 3.2 వచ్చాక 3.4 చేద్దామని తేలిక కోర్సులు వెతుక్కుంటారు.

కాగితం మీద లెక్క వేయండి, భయం సగం తగ్గుతుంది

నా లెక్కే చూపిస్తాను. మొదటి సెమ్‌లో వీఎల్‌ఎస్‌ఐ డిజైన్‌లో బీ (3.0), కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లో బీ మైనస్ (2.7), రాండమ్ ప్రాసెసెస్‌లో సీ (2.0). మొత్తం 7.7, మూడుతో భాగిస్తే 2.57. మాది 30 క్రెడిట్ల ప్రోగ్రామ్, అంటే పది కోర్సులు. చివరికి 3.0 రావాలంటే మొత్తం 30 పాయింట్లు కావాలి, ఇంకా 22.3 కావాలి, మిగిలినవి ఏడు కోర్సులు, అంటే ఒక్కోదాంట్లో సగటున 3.19. బీ ప్లస్ (3.3) కంటే కొంచెం తక్కువే. ఈ అంకె చూసిన రాత్రి నేను మూడు వారాల తర్వాత మొదటిసారి సరిగ్గా నిద్రపోయాను.

అదే 3.5 కావాలంటే? ఏడు కోర్సుల్లో 27.3 పాయింట్లు, సగటున 3.9, అంటే దాదాపు అన్నిట్లో ఏ గ్రేడ్ (4.0) రావాలి. అది నాకు సాధ్యం కాదని అప్పుడే తెలిసిపోయింది, తెలియడం మంచిదైంది, దాని మీద ఆశ వదిలేసి వేరే పని చూసుకున్నాను.

ఆరు కోర్సులు అయ్యాక 2.85 ఉన్నవాళ్ళ లెక్క వేరు: వచ్చినవి 17.1, ఇంకా 12.9 కావాలి, మిగిలినవి నాలుగు, సగటున 3.23. ఇదీ చేయగలిగిందే, కానీ ఒక్క కోర్సు జారినా కోలుకోవడానికి చోటు ఉండదు. ఎంత ముందు లెక్క వేసుకుంటే అంత మంచిది అనేది ఇందుకే.

రీటేకా, కొత్త కోర్సా

ఈ రెండిట్లో ఏది మంచిదో మీ యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ కేటలాగ్‌లో ఉండే ఒక్క వాక్యం తేలుస్తుంది: రీటేక్ చేస్తే పాత గ్రేడ్ లెక్కలోంచి తీసేస్తారా, లేక రెండూ కలిపి లెక్కేస్తారా? సీనియర్‌ని అడగకండి, కేటలాగ్ చదవండి, ఎందుకంటే బీఎస్ వాళ్ళకి ఒక రూలు, ఎంఎస్ వాళ్ళకి ఒక రూలు ఉండే చోట్లున్నాయి, సీనియర్ చెప్పేది చాలాసార్లు ఇంకెవరో చెప్పగా విన్నదే.

పాతది తీసేసే చోట అయితే, నా సీ స్థానంలో ఏ మైనస్ (3.7) వచ్చి ఉంటే మొత్తం 9.4 అయ్యేది, మూడుతో భాగిస్తే 3.13. ఒక్క కోర్సుతో గీత దాటేయొచ్చు. ఇలాంటి చోట రీటేక్‌కి మించింది లేదు, సబ్జెక్ట్ ఒకసారి చదివారు, ప్రొఫెసర్ పరీక్ష ఎలా ఇస్తాడో తెలుసు, కోర్సు ఫీజు మళ్ళీ కట్టాలి నిజమే గానీ ఆ డబ్బుకి విలువ ఉంది.

రెండూ లెక్కేసే చోట అదే రీటేక్ చేస్తే 11.4ని నాలుగుతో భాగించాలి, వచ్చేది 2.85. ఇప్పుడు ఇంకో కొత్త కోర్సు తీసుకుని అందులో ఏ మైనస్ తెచ్చుకున్నా వచ్చేది అదే 2.85. తేడా ఏంటంటే కొత్త కోర్సు డిగ్రీకి అక్కరకొస్తుంది, రీటేక్ రాదు. కాబట్టి అది తప్పనిసరి కోర్సు అయితేనో, సీ వస్తే డిగ్రీకి లెక్కించం అని డిపార్ట్‌మెంట్ అంటేనో తప్ప అలాంటి చోట రీటేక్‌కి డబ్బు పెట్టొద్దు. మా యూనివర్సిటీ ఈ రెండో రకం, అందుకే నేను రీటేక్ చేయలేదు.

మధ్యలో డ్రాప్ చేసి ట్రాన్స్‌క్రిప్ట్‌లో డబ్ల్యూ (విత్‌డ్రా అయినట్టు గుర్తు) తెచ్చుకోవడం మూడో దారి. డబ్ల్యూ జీపీఏని ముట్టుకోదు, ఒక్క డబ్ల్యూ ఉంటే ఏ రిక్రూటరూ దాన్ని పట్టించుకున్నట్టు నేను చూడలేదు. కానీ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి సెమిస్టర్‌కి మామూలుగా తొమ్మిది క్రెడిట్లు ఉండాలి, డ్రాప్ చేస్తే ఆరుకి పడిపోతారు, డీఎస్‌ఓ (యూనివర్సిటీలో మన వీసా వ్యవహారాలు చూసే అధికారి) ముందుగా అనుమతి ఇవ్వకుండా అలా పడిపోతే వీసా స్టేటస్‌కే ముప్పు. డ్రాప్ బటన్ నొక్కే ముందు ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి వెళ్ళి అడగండి, నొక్కాక కాదు.

ఇంకోటి చాలామందికి తెలియదు, తెలియక దెబ్బతింటారు. "ఇంకో సెమిస్టర్ ఉండి జీపీఏ పెంచుకుంటా" అనుకునేవాళ్ళు ముందు ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ప్రోగ్రామ్ ఎండ్ డేట్ చూసుకోవాలి. ఆ తేదీ దాటి ఉండాలంటే పొడిగింపు కావాలి, ఆ పొడిగింపుకి సరైన చదువు సంబంధమైన కారణమో, ఆరోగ్య కారణమో చూపించాలి, ప్రొబేషన్ వల్ల ఆలస్యమైంది అనేది చెల్లే కారణం కాదని ఫెడరల్ రూల్‌లోనే రాసి ఉంది. మంచి విషయం ఏంటంటే ఎంఎస్ ఐ-20 చాలా చోట్ల రెండేళ్ళకి ఇస్తారు, పది కోర్సులని మూడు సెమిస్టర్లలో తోసేయకుండా నాలుగింటికి సర్దుకుంటే పొడిగింపు గొడవే ఉండదు. నేను మూడు సెమిస్టర్లు మూడేసి కోర్సులు, నాలుగో సెమిస్టర్‌లో ఒక్కటే తీసుకున్నాను, చివరి సెమిస్టర్ కాబట్టి డీఎస్‌ఓ తక్కువ క్రెడిట్లకి ఒప్పుకున్నారు. ఆ ఖాళీ నెలలే నాకు ఉద్యోగం తెచ్చాయి, అది తర్వాత చెప్తాను. వీసా రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి ఇక్కడ రాసింది మీ డీఎస్‌ఓ దగ్గర ఒకసారి సరిచూసుకోండి.

పార్ట్‌టైమ్ పని గురించి

మొదటి సెమ్‌లో జీపీఏ పడిపోయిన మనవాళ్ళలో నేను చూసినవాళ్ళందరిలో తెలివి తక్కువై పడిపోయినవాళ్ళు దాదాపు లేరు. రాత్రి పదకొండు దాకా పని చేసి, వచ్చి వండుకుని, ఒంటిగంటకి హోంవర్క్ తెరిచినవాళ్ళే ఎక్కువ. క్యాంపస్‌లో అయితే సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటల పరిమితి ఉంది, అది పరవాలేదు. క్యాంపస్ బయట గ్యాస్ స్టేషన్‌లో చేసేది అనుమతి లేని పని, దొరికితే స్టేటస్ పోతుంది, దొరకకపోయినా గ్రేడ్లు పోతాయి. లోన్ ఈఎంఐ, అద్దె, ఇంటి పరిస్థితి నాకు తెలుసు, తెలిసే చెప్తున్నాను: గీత కింద ఉన్న ఆ ఒక్క సెమిస్టర్‌కి అప్పు ఇంకొంచెం ఎక్కువైనా సరే పని మానేయండి. నేను డైనింగ్ హాల్‌లో 20 గంటలు చేసేవాణ్ణి, రెండో సెమ్‌లో పదికి తగ్గించాను, ఆ సెమ్‌లో బీ ప్లస్, ఏ మైనస్, బీ ప్లస్ వచ్చాయి, సరిగ్గా 3.0కి చేరాను.

ఉద్యోగం ఇచ్చేవాళ్ళు జీపీఏ ఎక్కడ చూస్తారు, ఎక్కడ చూడరు

ఫిబ్రవరిలో నా మొదటి కెరీర్ ఫెయిర్. జిమ్ హాల్ నిండా టేబుళ్ళు, ఒక చిప్ కంపెనీ ముందు నలభై నిమిషాలు లైన్లో నిలబడ్డాను. రెజ్యూమే మీద జీపీఏ రాయలేదు. టేబుల్ దగ్గరున్న రిక్రూటర్ ఆవిడ పైనుంచి కిందికి చూసి, "జీపీఏ ఎంత?" అని మర్యాదగానే అడిగింది. చెప్పాను. కాగితం మూలన పెన్నుతో 2.57 అని రాసి, తన ఎడమ చేతి వైపు ఉన్న దొంతరలో పెట్టింది. కుడి చేతి వైపు ఇంకో దొంతర ఉంది, అది చాలా పలచగా ఉంది. సెప్టెంబర్‌లో అదే కంపెనీ టేబుల్‌కి మళ్ళీ వెళ్ళాను, ఈసారి 3.0 రాసి ఉంది, ఎవరూ ఏమీ అడగలేదు, కుడి వైపు పెట్టారు. నా చదువు ఆ ఏడు నెలల్లో ఆకాశమంత మారలేదు. మారింది 0.43.

కాబట్టి "జీపీఏ ఎవడూ చూడడు" అనే మాట తప్పు. చూసే చోట్లు ఉన్నాయి: కెరీర్ ఫెయిర్, యూనివర్సిటీ పోర్టల్ ద్వారా వచ్చే ఫ్రెషర్ పోస్టులు, ఇంటర్న్‌షిప్‌లు. వందల రెజ్యూమేలు ఒక్క మనిషి చూడాల్సి వచ్చినప్పుడు ఒక అంకె పట్టుకుని వడగట్టడం వాళ్ళకి సులువు, ఆ అంకె చాలాచోట్ల 3.0. కాలేజీల నుంచి తీసుకునే కంపెనీల మీద నేషనల్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ అండ్ ఎంప్లాయర్స్ ఏటా చేసే సర్వేలో, జీపీఏతో వడగడతాం అన్న కంపెనీలు 2019లో సుమారు 73 శాతం, 2023కి సుమారు 37 శాతం. తగ్గింది గానీ పోలేదు.

చూడని చోట్లు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. రెఫరల్ ద్వారా నేరుగా మేనేజర్ చేతికి రెజ్యూమే వెళ్ళిన చోట, చిన్న కంపెనీల్లో, రెండేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి ఎక్కడైనా, జీపీఏ మాట దాదాపు రాదు. నాకు ఇప్పటి ఉద్యోగంలోకి మారేటప్పుడు ఎవరూ అడగలేదు.

బ్రాంచిని బట్టి కూడా తేడా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్ళేవాళ్ళకి కోడింగ్ రౌండే వడపోత, అక్కడ 3.05తో డిగ్రీ పట్టుకున్నా బాధ లేదు, ఆ టైమంతా ప్రాబ్లమ్స్ మీదా ఒక నడిచే ప్రాజెక్టు మీదా పెట్టండి. సివిల్ వాళ్ళకి ఒక మంచి దారి ఉంది, అమెరికాలో ఇంజినీరింగ్ లైసెన్స్ పరీక్షలు నిర్వహించే ఎన్‌సీఈఈఎస్ పెట్టే ఎఫ్‌ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్) పరీక్ష. 110 ప్రశ్నలు, పరీక్ష సమయం 5 గంటల 20 నిమిషాలు, ఏడాదంతా రాయొచ్చు, మన బీటెక్‌లో చదివిన సాయిల్ మెకానిక్స్, ఫ్లూయిడ్స్, స్ట్రక్చర్సే. 3.1 జీపీఏ, పాసైన ఎఫ్‌ఈ ఉన్న సివిల్ ఇంజినీర్‌ని 3.6 ఉండి ఎఫ్‌ఈ రాయని మనిషి కంటే ముందు పిలిచే కన్సల్టింగ్ ఆఫీసులు ఉన్నాయి, ఎందుకంటే వాళ్ళకి రేపు డ్రాయింగ్‌ల మీద స్టాంపు వేయగల లైసెన్స్ ఇంజినీర్లు కావాలి, ఆ లైసెన్స్‌కి ఎఫ్‌ఈ మొదటి మెట్టు. మెకానికల్, ఏరోస్పేస్ వాళ్ళ బాధ వేరు: డిఫెన్స్ పనులున్న చోట సిటిజన్ కావాలి, గ్రీన్ కార్డ్ కావాలి అంటారు. అక్కడ రిజెక్ట్ అయితే జీపీఏ వల్ల అనుకుని కుమిలిపోకండి, 4.0 ఉన్నా అదే జవాబు వచ్చేది.

అసలు అప్లికేషన్‌లో "ఇప్పుడు గానీ ముందు ముందు గానీ వీసా స్పాన్సర్‌షిప్ కావాలా?" అనే ప్రశ్న ఉంటుందే, నా అనుభవంలో మనల్ని ఎక్కువగా ఆపేది అది. అందరూ జీపీఏని నిందిస్తారు, ఎందుకంటే అది మన తప్పులా అనిపిస్తుంది కాబట్టి.

గీత దాటాక: ఇంకో 0.2 కోసమా, ఒక ప్రాజెక్టు కోసమా

3.0 వచ్చాక నా ముందు రెండు దారులు. మిగతా కోర్సులన్నీ తేలికవి తీసుకుని 3.4 దగ్గరికి చేర్చడం ఒకటి. వెరిఫికేషన్ (చిప్ డిజైన్ సరిగ్గా పనిచేస్తుందో పరీక్షించడం) కోర్సు లాంటి కష్టమైనవి తీసుకుని, దాని చుట్టూ సొంతంగా ఏదైనా కట్టడం రెండోది. రెండోదే తీసుకున్నాను, చివరికి 3.27తో బయటపడ్డాను.

ఆ నాలుగో సెమిస్టర్ ఖాళీ నెలల్లో నేను కట్టింది పెద్ద వింతేమీ కాదు. రెండు వేర్వేరు క్లాకుల మధ్య డేటా దాటించే ఎసింక్రనస్ ఫిఫో (ముందు వచ్చిన డేటాని ముందు పంపే క్యూ లాంటి సర్క్యూట్), దానికి సిస్టమ్ వెరిలాగ్ భాషలో టెస్ట్‌బెంచ్ (డిజైన్‌ని పరీక్షించే కోడ్). అయితే నేను ఫిఫో లోతు 16 కాకుండా 12 పెట్టాను. క్యూలో ఎక్కడ ఉన్నామో చెప్పే అంకెని గ్రే కోడ్ అనే పద్ధతిలో రాసి అవతలి క్లాక్ వైపు పంపుతాం. గ్రే కోడ్‌లో ఒక అంకె నుంచి పక్క అంకెకి వెళ్ళేటప్పుడు ఒక్క బిట్టే మారాలి, ఆ నమ్మకం మీదే మొత్తం డిజైన్ నిలబడుతుంది. లోతు 8, 16 లాంటివి అయితే చివరి నుంచి మొదటికి తిరిగేటప్పుడు కూడా ఒక్క బిట్టే మారుతుంది. 12 అయితే 11 నుంచి సున్నాకి తిరగాలి, అంటే 1110 నుంచి 0000కి, ఒకేసారి మూడు బిట్లు. అవతలి క్లాక్ సరిగ్గా ఆ క్షణంలో చూస్తే తప్పుడు విలువ చదువుతుంది. అది నా టెస్ట్‌బెంచ్‌లో వేల సైకిళ్ళకి ఒకసారి కనిపించేది, కారణం దొరకడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇంటర్వ్యూలో ఆ ఒక్క బగ్ మీద ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడాం. ఇంటర్వ్యూ చేస్తున్నాయన లేచి వైట్‌బోర్డ్ మీద వేవ్‌ఫామ్ గీశాడు, నేను దాన్ని సరిదిద్దాను. రాండమ్ ప్రాసెసెస్‌లో సీ ఎందుకు వచ్చిందని అడగలేదు.

ఆ పదకొండు రోజులు ఏదైనా ఎలక్టివ్ మీద పెట్టి ఉంటే బీ ప్లస్ ఏ మైనస్ అయ్యేదేమో, పది కోర్సుల సగటులో దాని విలువ 0.04.

థీసిస్ మాట కూడా చెప్పాలి. పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్ళకి నేను చెప్పిందంతా వర్తించదు, అక్కడ జీపీఏ నిజంగా బరువైనదే, 3.1తో మంచి చోట సీటు కష్టం. అలాంటివాళ్ళు ఒక ప్రొఫెసర్ దగ్గర థీసిస్ చేసి, ఆయన బలంగా లెటర్ రాసేలా పని చేస్తేనే దారి తెరుచుకుంటుంది. ఉద్యోగానికే వెళ్ళేవాళ్ళు థీసిస్ కోసం ఏడాది ఆగాల్సిన పని లేదు.

యూనివర్సిటీ మారడం

కొత్త యూనివర్సిటీలో జీపీఏ మామూలుగా సున్నా నుంచి మొదలవుతుంది, అదే ఇందులో ఉన్న ఆకర్షణ. కానీ పాత చోట బీ వచ్చిన రెండు మూడు కోర్సులకి మించి క్రెడిట్లు తీసుకోరు, సీలు అసలే తీసుకోరు, అప్లై చేసేటప్పుడు పాత ట్రాన్స్‌క్రిప్ట్ ఇవ్వాల్సిందే. మొదటి సెమ్ చివర్లో ఉండి, ప్రోగ్రామే మీకు పడదని తేలితే, లేదా ఫీజు సగానికి తగ్గుతుంటే మారడంలో అర్థం ఉంది. ఆరు కోర్సులు అయ్యాక మారడం అంటే కట్టిన ఫీజులో సగం వదిలేయడమే. మారాలనుకుంటే ప్రోగ్రామ్ నుంచి తీసేసే దాకా ఆగొద్దు, ప్రొబేషన్‌లో ఉండగా ట్రాన్స్‌ఫర్ అడగడం వేరు, తీసేశాక స్టేటస్ కాపాడుకుంటూ పరిగెత్తడం వేరు.

ఇక "మొదటి రోజు నుంచే సీపీటీ (చదువుతుండగానే బయట పని చేసే అనుమతి) ఇస్తారు, క్లాసులకి రాకపోయినా జీపీఏ వాళ్ళే చూసుకుంటారు" అని ఎవరైనా ఏజెంట్ ఫోన్ చేస్తే అక్కడే పెట్టేయండి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో ఫెడరల్ అధికారులు దాడి చేసినప్పుడు అందులో ఉన్న వందలమంది మన ఆంధ్రప్రదేశ్ పిల్లలే. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనేది అసలు యూనివర్సిటీయే కాదని, అధికారులే పెట్టిన వల అని బయటపడ్డప్పుడు కూడా అరెస్టయినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. 2.6 జీపీఏ అనేది సరిచేసుకోగలిగిన సమస్య, ఇలాంటి చోట చిక్కుకోవడం అలా కాదు. ఇంకో నిజం, పన్నెండు నెలలు ఫుల్‌టైమ్ సీపీటీ వాడేస్తే ఆ డిగ్రీ స్థాయికి ఓపీటీ ఉండదు.

రెజ్యూమే మీద రాయాలా వద్దా

నా పద్ధతి చెప్తాను. 3.3 దాటితే రాయండి. 3.0 నుంచి 3.3 మధ్య అయితే కెరీర్ ఫెయిర్‌కి తీసుకెళ్ళే కాగితం మీద రాయండి (రాయకపోతే 3.0 కింద ఉందనుకుంటారు), ఆన్‌లైన్‌లో పెట్టేదాని మీద వదిలేయండి. 3.0 కింద ఉంటే రాయొద్దు, ఫారంలో తప్పనిసరి గడి ఉంటే నిజం రాయండి. 2.96ని 3.0 అని రాయడం కూడా అబద్ధమే. ఆఫర్ ఇచ్చాక ట్రాన్స్‌క్రిప్ట్ అడిగే కంపెనీలు ఉన్నాయి, ఆ దశలో పట్టుబడితే ఆఫర్ పోతుంది, ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగే 90 రోజుల గడియారం మాత్రం ఆగదు. కన్సల్టెన్సీ వాళ్ళు ఐదేళ్ళ అనుభవం ఉన్నట్టు రెజ్యూమే రాసిస్తామంటే ఒప్పుకోకండి. జీపీఏ తక్కువనే భయంతో ఆ దారి పట్టినవాళ్ళు, ప్రతి ఉద్యోగంలోనూ ఆ అబద్ధాన్ని మోస్తూనే బతకడం నేను దగ్గరగా చూశాను.

ఇంటర్వ్యూలో అడిగితే రెండే వాక్యాలు చాలు: "మొదటి సెమ్‌లో ప్రాబబిలిటీ పునాది సరిపోక ఒక కోర్సులో సీ వచ్చింది. ఆ తర్వాత తీసుకున్న ఏ కోర్సులోనూ బీ ప్లస్ కంటే తగ్గలేదు." ఇంటి కష్టాలు, ప్రొఫెసర్ మీద ఫిర్యాదు అక్కడ వద్దు.

ఇండియాకి వచ్చేద్దామనుకుంటే

డిగ్రీ పూర్తిచేసి రండి, 3.05 అయినా సరే, సగంలో వదిలేసి వచ్చినవాళ్ళకి ఆ ఏడాది గురించి ప్రతి ఇంటర్వ్యూలో చెప్పుకోవాల్సి వస్తుంది. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో ఎంఎస్ జీపీఏ కంటే ఏం చేశారనేదే ఎక్కువ అడుగుతారు. సర్వీస్ కంపెనీల్లో పది నుంచి పీజీ దాకా 60 శాతం అనే షరతు ఉండే చోట ఫారంలో "3.05/4" అని స్కేలుతో సహా ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నట్టే రాయండి, సొంతంగా శాతంలోకి మార్చకండి. గేట్ రాసి ప్రభుత్వ రంగ సంస్థలకి వెళ్ళాలనుకునేవాళ్ళకి అక్కడ చూసేది బీటెక్ మార్కులు, ఎంఎస్ జీపీఏ అడ్డం కాదు, వయసు పరిమితి మాత్రం చూసుకోండి.

ఇక్కడ ఎంటెక్ చేస్తూ సీజీపీఏ తక్కువైనవాళ్ళకి ఒకటే తేడా, కటాఫ్ ఏడో ఎనిమిదో అని ప్లేస్‌మెంట్ సెల్ నోటీసులోనే రాసి ఉంటుంది, కాబట్టి మీ గీత ఏదో ముందే తెలుసుకోవచ్చు.

ఇంట్లో చెప్పడం

నేను నెలన్నర దాచాను. ఆ నెలన్నరలో అమ్మ వీడియో కాల్ చేస్తే ఆడియో మాత్రమే ఆన్ చేసేవాణ్ణి, మొహం చూస్తే కనిపెట్టేస్తుందని. చివరికి నాన్నకి చెప్తే ఆయన అడిగింది ఒక్కటే: "ఇంకా ఎన్ని పరీక్షలున్నాయి? డబ్బు ఇంకా ఎంత కావాలి?" లెక్క వేసిన కాగితం చేతిలో ఉంది కాబట్టి రెండిటికీ జవాబు చెప్పగలిగాను. మీరు కూడా ఆ కాగితం పట్టుకుని చెప్పండి. గదిలో తలుపేసుకుని ఒక్కరే ఉండిపోతున్నట్టు, అన్నం సయించనట్టు, బతకాలని లేనట్టు అనిపిస్తుంటే ఆ రోజే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్ళండి, మీరు కట్టే ఫీజులో అది చాలాచోట్ల కలిసే ఉంటుంది. అప్పటిదాకా రూమ్మేట్‌కైనా చెప్పండి, నాకైనా చెప్పండి.

ఆ తమ్ముడి యూనివర్సిటీలో రీటేక్ చేస్తే పాత గ్రేడ్ తీసేస్తారని కేటలాగ్‌లో ఉంది. అతని గ్రేడ్లు బీ ప్లస్, బీ మైనస్, సీ. ఆ సీ ఏ మైనస్ అయితే 2.67 కాస్తా 3.23 అవుతుంది. జనవరిలో రీటేక్‌కి రిజిస్టర్ అయ్యాడు, వారాంతాల్లో చేస్తున్న పని మానేశాడు. మిడ్‌టర్మ్‌లో వందకి 84 వచ్చిందని మొన్న స్క్రీన్‌షాట్ పంపాడు, కింద "నాన్నకి కూడా పంపాను అన్నా" అని రాశాడు.